తిరిగిచ్చిన మందుకుండ

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. కింద నిప్పు రాజేసే ఇటుకమంచం మీద దుప్పటి కప్పుకుని అమ్మ. ఆమె కాళ్ళ దగ్గర చెల్లెలు యన్‌యన్, దానికి నాలుగేళ్ళు. గుమ్మంలో గోనెపట్టా పరుచుకుని డాంగ్‌గ్వే అనే మందువేర్లకి మట్టి దులుపుతున్న నాన్న. అమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్న హౌ తాత. పొయ్యి దగ్గర నేను.

హౌ తాత మా కొండ మీది నాలుగు ఊళ్ళకీ వైద్యుడు. ఆయన నాడి చూస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. గోడ అవతల ఎవరో మెల్లగా చెప్పేది వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి కూర్చుంటాడు. ఎడమ చెయ్యి అయ్యాక కుడి చెయ్యి, ఆ తర్వాత నాలుక.

అమ్మ నాలుక బయటపెట్టింది. యన్‌యన్ కూడా పెట్టింది.

"నీది లోపల పెట్టుకోవే," అన్నాడు తాత. "అది దెబ్బలాటల నాలుక. దానికి నా దగ్గర మందు లేదు." తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "పొట్లాలు అయిపోయాయా?"

"పొద్దున్న తాగిందే ఆఖరిది."

"ఇక ఆపెయ్. ఇప్పటినుంచి నీ మందంతా వంటింట్లోనే ఉంది. ఎండు రేగుపళ్ళు వేసి కొర్ర జావ కాచుకో, రోజుకో గుడ్డు తిను. నెల రోజులు చన్నీళ్ళలో చెయ్యి పెట్టకు."

నాన్న వేర్లు దులపడం ఆపాడు. "వేసవిలో కూడా ఇలాగే ఆపెయ్యమన్నావు తాతా. పదిరోజుల్లో మళ్ళీ మొదలైంది."

"వేసవిలో నేను ఆపమన్నది మందుని. పడుకోమన్నది మీ ఆవిడని. ఆవిడ మూడో రోజుకే బంగాళాదుంప చేలో నడుం వంచింది. నా మందుకి మనిషి కాళ్ళు కట్టేసే గుణం లేదు నాయనా."

అమ్మ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక పొయ్యి మూలనున్న మందుకుండని చూస్తూ, "నాకు సెలవిచ్చారు, బాగానే ఉంది. ఆ మహాతల్లికి సెలవెప్పుడు? ఈ ఇంటి పెద్దకోడల్లాగా కదలకుండా కూర్చుంది. దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేదాకా నాకు పూర్తిగా నయం కాదేమో," అంది.

ఆమె వేళాకోళానికే అంది. నేను వేళాకోళంగా వినలేదు.

ఆ కుండ మాది కాదు, మూడవ్వది. మా ఇంటికి ఎగువన, గోడ పక్క గోడగా ఉండే ఇల్లు ఆవిడది. ఆవిడ భర్త ముగ్గురన్నదమ్ముల్లో మూడోవాడు కాబట్టి ఊరంతటికీ మూడవ్వే. కుండ నల్లగా, పొట్టిగా, పక్కకి పొడుచుకొచ్చిన పిడితో ఉంటుంది. ఒకప్పుడు మూత అంచు విరిగితే తీగ చుట్టారు. మా వాడలో మందుకుండ అదొక్కటే. ఎవరూ కొత్తది కొనరు. కొనడమంటే రాని జబ్బుకి ముందే పీట వేసి పిలవడం. ఎవరికి బాగోలేకపోతే వాళ్ళు వెళ్ళి, కుండ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లోంచి తెచ్చుకుంటారు. వసంతంలో నాన్న వెళ్ళి మూడవ్వ దగ్గర తెచ్చాడు.

తెచ్చుకోవచ్చు గానీ తిరిగి ఇవ్వకూడదు. ఆ సంగతి నాకు చెప్పింది మూడవ్వే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వాళ్ళ వాకిట్లో ఎండలో కూర్చోబెట్టుకుని గుడ్డ చెప్పుల అడుగుకి కుట్లు వెయ్యడం నేర్పిస్తూ చెప్పింది. "కుండ ఎక్కడుంటే జబ్బు కూడా అక్కడే కూర్చుంటుంది పిల్లా. అవసరమున్నవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. మనంతట మనం తీసుకెళ్ళి ఇచ్చామంటే మన జబ్బుని వాళ్ళ గుమ్మంలో దింపి వచ్చినట్టే. మరీ తప్పకపోతే లోపల గుప్పెడు గింజలు పోసి, చెప్పి ఇవ్వాలి. ఖాళీ కుండ మాత్రం పగవాళ్ళ ఇంటికి కూడా చేర్చకూడదు."

అప్పుడు నేను దారానికి మైనం రాస్తున్నాను. ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

కుండ మా ఇంట్లో ఉన్న ఆ ఎనిమిది నెలలూ అమ్మకి కషాయం కాచింది నేనే. పొట్లం విప్పి కుండలో పోసి, వేర్ల మీద రెండు వేళ్ళెత్తు నీళ్ళు నిలిచేలా అరగంట నానబెట్టాలి. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, తర్వాత మంట తగ్గించి, మూత మాటిమాటికీ తియ్యకుండా కాగనివ్వాలి. వడకట్టి మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచాలి. రెండూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం. పిప్పిని తీసుకెళ్ళి మూడు దారులు కలిసేచోట పొయ్యాలి, నలుగురి కాళ్ళ కింద పడి జబ్బు నలిగిపోవాలని. హౌ తాత నా కషాయం రంగు చూసి, "మా ఆవిడకన్నా నువ్వే నయం," అనేవాడు. అది విని నేను పొయ్యిలోకి చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎవరైనా మెచ్చుకుంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ వాసన నా జుట్టుకి పట్టేసింది. కొండ దిగువ బడిలో యూమెయ్ అనే అమ్మాయి నేను గదిలోకి రాగానే ముక్కు మూసుకునేది. "మందుకుండ వచ్చిందే, జరగండి!" మా వైపు ఎప్పుడూ జబ్బుపడే మనిషిని అలా అంటారు. జబ్బు నాది కాదు. ఆ మాట చెప్పడానికి కూడా నాకు నోరు వచ్చేది కాదు. తగిన జవాబులన్నీ ఇంటికి వచ్చే ఎగువదారిలో తోచేవి. డైరీలో రాసుకునేదాన్ని. ఆ డైరీ పుస్తకం మూడవ్వ ఇచ్చిందే. చనిపోయిన ఆవిడ భర్త వాడకుండా మిగిల్చిన పుస్తకం, గీతలు లేని పసుపు కాగితాలు.

హౌ తాత వచ్చి వెళ్ళిన సాయంత్రం అమ్మ మళ్ళీ దగ్గింది. ఎక్కువ కాదు, నాలుగైదుసార్లు. గిన్నెలు కడుగుతూ లెక్కపెట్టాను. వేసవిలో కూడా ఇలాగే నాలుగైదుతో మొదలైంది. అప్పుడు కూడా కుండ ఆ మూలనే ఉంది. అమ్మ చేలోకి వెళ్ళిందని తాత అన్న మాట నా చెవిలో పడింది గానీ మనసులో దిగలేదు. నాకు కుండ ఒక్కటే కనిపించింది.

మర్నాడు తెల్లవారుతుండగా లేచాను. పొగమంచు. నాన్న అప్పటికే చేలోకి వెళ్ళిపోయాడు. అమ్మా చెల్లీ నిద్రలో ఉన్నారు. కుండని తీసి పుస్తకాల సంచిలో పెట్టాను. గింజల సంగతి గుర్తొచ్చింది. కొర్రల డబ్బా అమ్మ తలాపునే ఉంది, దాని రేకు మూత తీస్తే కీచుమంటుంది. అమ్మ లేస్తే ఎందుకని అడుగుతుంది. కాసేపు ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఖాళీ కుండతోనే బయటికి వచ్చాను.

మూడవ్వ వాళ్ళ వాకిట్లో తడికెలకి డాంగ్‌గ్వే కట్టలు వేలాడుతున్నాయి. వాటిని ఆరబెట్టడానికి కింద వేసిన పచ్చికట్టెల పొగ సన్నగా లేస్తోంది. గోడ వారగా పులియబెట్టిన ఆకుకూర జాడీలు వరసగా ఉన్నాయి. రెండు జాడీల మధ్య కుండ పెట్టాను. లోపల మూడవ్వ ఎవరితోనో, బహుశా కోడితో, "ఉండవే, ఉండు, వస్తున్నా," అంటోంది. నేను పరుగెత్తాను. బడి వచ్చేదాకా ఆగలేదు.

సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"లాన్‌శియా, కుండేదే?"

నాన్నే అన్నాడు, "ఎవరో అవసరమై పట్టుకెళ్ళి ఉంటారు. నువ్వు పడుకున్నావని లేపలేదేమో."

"ఎవరికి బాగోలేదో పాపం," అంది అమ్మ. అని, "పోనీలే, మొత్తానికి పోయింది," అని నవ్వింది. ఈసారి నవ్వితే దగ్గు రాలేదు.

ఆ తర్వాత అమ్మ రోజురోజుకీ తేరుకుంది. ఒక పూట రెండు గిన్నెల నూడుల్స్ తింది. బుగ్గల మీద రంగు వచ్చింది. యన్‌యన్‌ని ఎత్తుకుని వాకిలంతా తిరిగింది. ఆ వారం డైరీలో నేను అమ్మ ఏం తిన్నదో తప్ప ఇంకేమీ రాయలేదు. కుండ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయకపోతే జరగనట్టే అనిపించింది.

తొమ్మిదో రోజున మూడవ్వ పడకేసిందని తెలిసింది.

చెప్పింది ఆవిడ కోడలు హుయ్‌చిన్ పిన్ని. భర్త లాన్‌జౌ నగరంలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళాడు, ఇంట్లో అత్తా కోడలే. ఆవిడ మా వాకిట్లోకి వచ్చినప్పుడు నేను పిండి పిసుకుతున్నాను. నాన్న వేర్లు కట్టలు కడుతున్నాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మందుకుండ మీ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళింది?"

"పదిరోజులయింది. ఎవరు తీసుకెళ్ళారో తెలీదు."

"నాకు తెలుసు. ఎవరూ తీసుకెళ్ళలేదు. దానికి కాళ్ళొచ్చి మా ఇంటికి నడిచొచ్చింది."

"అదేం మాట హుయ్‌చిన్?"

"ఆకుకూర తీద్దామని వెళ్తే జాడీల మధ్య కూర్చుని ఉందట. ఖాళీగా. మా అత్త చూసి ఎవరికీ చెప్పలేదు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు జ్వరం, ఆయాసం. హౌ తాత మందు రాసిస్తే నోట్లో పోసింది పోసినట్టే ఊసేస్తోంది. 'కుండ నా పేరు పిలుచుకుంటూ వచ్చింది, పిలుపొచ్చాక మందెందుకు,' అంటోంది. పోయాక కట్టే బట్టలు తీసి తలాపున పెట్టించుకుంది."

అమ్మ లోపల్నించి గుమ్మంలోకి వచ్చింది. "అయ్యో. ఎవరు పెట్టి ఉంటారు?"

"అదే అడగడానికి వచ్చాను వదినా. కుండ చివరగా ఉన్నది మీ ఇంట్లో. ఇప్పుడు జబ్బున్నది మా ఇంట్లో. నువ్వేమో చక్కగా తేరుకున్నావు."

ఆ మాటకి నాన్న లేచి నిలబడ్డాడు. నాన్న గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. అప్పుడూ ఎత్తలేదు. "హుయ్‌చిన్, మా ఆవిడ బతికింది మీ అత్త కుండ వల్ల. మా తాతముత్తాతల సమాధుల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ ఇంట్లో ఏ చెయ్యీ దాన్ని మీ గుమ్మం దాకా మొయ్యలేదు. మోసుంటే ఆ చెయ్యి పడిపోనీ."

నా రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. వాటిని బయటికి తియ్యలేదు. ఎవరూ నా వైపు చూడలేదు. నోరు లేని పిల్లని ఎవరు అనుమానిస్తారు? ఆ క్షణంలో 'నేనే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. పిండి చల్లబడి గట్టిపడేదాకా పిసుకుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి రెండిళ్ళకీ మాటలు లేవు. హుయ్‌చిన్ పిన్ని నీళ్ళకి మా వాకిలి ముందు నుంచి కాకుండా చుట్టుదారిలో వెళ్ళేది. నాన్న అన్నం తింటూ తింటూ ఆగి, "నన్ను అనుమానించింది చూడు," అనేవాడు. అమ్మ ఆయన గిన్నెలో ఇంకో గరిటె వేసేది.

రెండు రోజుల తర్వాత హౌ తాత మూడవ్వని చూసి వస్తూ మా ఇంట్లో ఆగాడు. అమ్మ నాడి చూసి, బాగుందన్నాడు. నాన్న పొయ్యి బూడిదలో చిన్న మట్టి ముంత పెట్టి చిక్కటి టీ మరిగించి ఇచ్చాడు. తాత తాగకుండా గిన్నెని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"పది పొట్లాలతో పోయే జబ్బు," అన్నాడు. "ఛాతీలో చలి పట్టింది, అంతే. అల్లం, దాల్చినచెక్క, అతిమధురం, ఇంకో నాలుగు రకాలు. చిన్నపిల్లల మందు. కానీ గిన్నెలో ఉంటే ఏం లాభం? కడుపులోకి వెళ్ళాలి గదా."

నాన్న కట్టెలకోసం బయటికి వెళ్ళాడు. అమ్మ యన్‌యన్‌కి జడ వేస్తోంది. నేను తాత పక్కన కూర్చుని, ఆయనకి మాత్రమే వినిపించేలా అడిగాను.

"తాతా, కుండతో పాటు జబ్బు నిజంగా వెళ్తుందా?"

"నలభై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నానే. ఒక్క కుండ కూడా నాకు నాడి చూపించలేదు."

"మరి మూడవ్వకి ఎందుకొచ్చింది?"

"ఎందుకు రాదు? మంచు పడ్డాక కూడా ఆ పొగ తడికెల కింద కూర్చుని చెమటలు కక్కుతుంది, ఆ చెమటతోనే చలిలోకి వెళ్ళి కోళ్ళని తోలుతుంది. డెబ్భై రెండేళ్ళు. కుండ లేకపోయినా వచ్చేదే."

నా గుండె ఒక్కసారి తేలికైంది. ఆ తర్వాత ఆయన అన్న మాటతో మళ్ళీ రాయి పడింది.

"జబ్బుని కుండ తేలేదు. కానీ మందు తాగనివ్వకుండా ఆపింది మాత్రం కుండే. యముడే తనని పిలిపించాడనుకుంటోంది. కాదు, ఎవరో పొరుగు వెధవ చేత్తో పెట్టి పోయాడని ఎవరైనా రుజువు చేస్తే ఆ క్షణంలో గిన్నె ఎత్తి తాగుతుంది. ఆవిడ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇంకో మూడు రోజులు ఇలాగే గడిస్తే మాత్రం, నేను వెళ్ళి పక్కన కూర్చోవడం తప్ప చేసేది ఉండదు."

తాత లేచి వెళ్ళిపోయాడు. నేను వాకిట్లోకి వెళ్ళాను. ఎగువ గోడ వైపు పది అడుగులు వేసి, హుయ్‌చిన్ పిన్ని కట్టెలు విరిచే చప్పుడు విని, వెనక్కి వచ్చేశాను.

మర్నాడు బడికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. లెక్కల పాఠం జరుగుతుంటే మూడు రోజుల్లో ఒకటి అయిపోతోందని అనుకుంటూ కూర్చున్నాను. నా దగ్గర ఇప్పుడు మందు వాసన రావడం లేదు. యూమెయ్ వచ్చి, "ఏమే, మీ అమ్మకి తగ్గిందా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల భయపడి, "నేనేమన్నానే? నేనేం అనలేదు గదా," అంటూ వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే మూడవ్వ వాకిలి గేటు తెరిచి ఉంది. వాళ్ళ పక్కగదిలో ఆవిడ శవపేటిక ఉండేది. మా వైపు పెద్దవాళ్ళకి బతికుండగానే చేయిస్తారు. ఆవిడది పదేళ్ళ క్రితమే చేయించి పెట్టుకున్నారు, అందులో కొర్రలు పోసుకునేవాళ్ళు. ఇప్పుడు కొర్రలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తేశారు. పేటికని వాకిట్లోకి తెచ్చి రెండు బల్లల మీద పెట్టారు. వడ్రంగి దానికి ఎర్రరంగు వేస్తున్నాడు. మూత లోపలి వైపు ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

నేను ఇంటికి వెళ్ళలేదు. పుస్తకాల సంచితోనే గేటు దాటి లోపలికి వెళ్ళాను. ఆ వాకిలి దాటేలోపే ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. తెలియక చేశాను అని చెబుతాను. కుండ తిరిగి ఇవ్వకూడదని నాకు తెలియదు, మర్యాద అనుకుని తెచ్చి పెట్టాను అని చెబుతాను. అలా చెప్తే ఆవిడ మందు తాగుతుంది, నా మీద కోపమూ ఉండదు.

హుయ్‌చిన్ పిన్ని గుమ్మంలో పింగాణీ పూత రేకు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కషాయం దాన్లోనే కాచినట్టుంది, అంచుల్లో మాడింది.

"ఏం కావాలి? మీ నాన్న పంపాడా?"

"లేదు పిన్నీ."

"మరి?"

నేను పేటిక వైపు చూశాను. ఆవిడ విసుగ్గా పక్కకి తిరగబోయింది. అప్పుడు, చాలా గట్టిగా వచ్చేసింది నా గొంతు, వడ్రంగి కూడా కుంచె ఆపాడు.

"కుండ నేనే పెట్టాను."

పిన్ని నా వైపు చూసింది. "ఏమన్నావ్?"

"నేనే పెట్టాను. జాడీల మధ్య. బడికి వెళ్తూ."

"నువ్వా? నోట్లో వేలు పెడితే కొరకలేని దానివి, నువ్వా?" గిన్నెలో కషాయం తొణికి ఆవిడ చేతి మీద పడింది. "మీ నాన్న సమాధుల మీద ఒట్టేస్తుంటే పక్కనే కూర్చుని పిండి పిసికావు గదే! కళ్ళారా చూశాను!"

లోపల్నించి మూడవ్వ గొంతు వచ్చింది. సన్నగా, ఆయాసంతో. "ఎవరే అది? లోపలికి పంపు."

గది చీకటిగా ఉంది. ఇటుకమంచం మీద మూడవ్వ గోడకి ఆనుకుని ఉంది. పది రోజుల్లో ముఖం సగమైంది. తలాపున మడతపెట్టిన నీలం బట్టలు, వాటి మీద కొత్త చెప్పులు.

"లాన్‌శియావా? ఏమంటున్నావు?"

"కుండ తెచ్చింది నేను అవ్వా. తెలియక..." అన్నాను. "తిరిగి ఇవ్వకూడదని నాకు తెలియదు."

మూడవ్వ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "తెలియదా?"

నేను తల దించుకున్నాను.

"నీకు చెప్పింది నేనే గదే. అదిగో, ఆ వాకిట్లోనే. నువ్వు దారానికి మైనం రాస్తుంటే. నాకు గుర్తుంది, నీకు లేదా?"

ఆవిడకి కూడా ఆ మైనం గుర్తుందని నేను అనుకోలేదు. నా అబద్ధం అక్కడితో అయిపోయింది.

"గుర్తుంది," అన్నాను.

"మరి ఎందుకు పెట్టావు?"

"అమ్మ మళ్ళీ దగ్గింది. కుండ పోతే జబ్బు కూడా పోతుందని."

"ఎక్కడికి పోతుందని?"

దానికి జవాబు ఒక్కటే ఉంది. అది నేనూ ఇంతకుముందు నాతో అనుకోలేదు. ఆ పొద్దున పొగమంచులో నడుస్తూ కూడా 'మా ఇంట్లోంచి' అనుకున్నాను గానీ 'మీ ఇంట్లోకి' అనుకోలేదు.

"ఇక్కడికి," అన్నాను.

వెనక పిన్ని ఏదో అంది. మూడవ్వ చెయ్యెత్తి ఆపింది.

"గింజలు వేశావా?"

"లేదు."

"ఖాళీగానే?"

"డబ్బా మూత చప్పుడవుతుందని..."

మూడవ్వ ఛాతీలోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకుని ముందుకి వెళ్ళబోయాను. దగ్గు కాదు, నవ్వు. మంచి నవ్వు కాదు.

"విన్నావా హుయ్‌చిన్? పది రోజులుగా యముడే కబురు పంపాడని బట్టలు సర్దుకుని కూర్చున్నాను. పంపింది యముడు కాదు. ఈ ముక్కు కారే పిల్ల!" ఆయాసం వచ్చి ఆగింది. మళ్ళీ అంది, "డబ్బా మూత చప్పుడవుతుందట! దీని జబ్బుతో నేను చావాలా? ఇటు తే ఆ గిన్నె."

పిన్ని కదల్లేదు. నమ్మలేనట్టు చూస్తోంది.

"తెమ్మంటుంటే!"

మూడవ్వ రెండు చేతులతో గిన్నె పట్టుకుంది. కషాయం మెడ మీద కారింది. పిన్ని పట్టుకోబోతే విదిలించుకుంది. ఒక గుక్క మింగింది. ముఖం చిట్లించి ఇంకో గుక్క మింగింది. నేను ఆ గొంతు కదలడమే చూస్తున్నాను. ఊసెయ్యలేదు.

నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం కూడా తప్పే అనిపించింది.

గిన్నె సగమయ్యాక ఆవిడ కిందికి దించి నా వైపు చూసింది. ఇప్పుడు కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మీ అమ్మ కోసం ఎనిమిది నెలలు ఇచ్చాను ఆ కుండ. వచ్చి అడిగి ఉంటే, గింజలు పోసి పట్రా, నేనే పుచ్చుకుంటాను అనేదాన్ని. డెబ్భై రెండేళ్ళదాన్ని, మీ అమ్మకి ముప్ఫై నాలుగు. నేను వద్దనేదాన్నా? అడగలేదు నువ్వు." ముఖం గోడ వైపు తిప్పుకుంది. "హుయ్‌చిన్, దీన్ని ఇంటికి పంపు. వడ్రంగిని కూడా."

పిన్ని నన్ను భుజం పట్టుకుని బయటికి నడిపించింది. గుమ్మం దాటాక వదిలింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు. ఒట్టు తెలియకే వేశాడు పిన్నీ. నాన్నని ఏమీ అనకండి."

"నేనెందుకంటాను? ఆయనకి నువ్వే చెప్పు. ఈ రోజే చెప్పు. చెప్పకపోతే రేపు పొద్దున నేనొచ్చి చెబుతాను."

"చెబుతాను."

వడ్రంగి కుంచెని గుడ్డతో తుడుచుకుంటూ మా ఇద్దరి వైపూ చూడకుండా నిలబడ్డాడు. పేటిక మీద రంగు ఒక పక్కే పడింది. లోపల మూడవ్వ దగ్గింది, తర్వాత చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది. తాగుతోంది.

పిన్ని చేతి మీద కషాయం పడినచోట చర్మం ఎర్రబడింది. రేకు గిన్నెలో కాస్తే అంచు మాడుతుంది, మందు సగం చెడుతుంది. ఆ కుండలో అయితే మాడదు, మంట ఎంత పెట్టాలో, పొంగు ఎప్పుడొస్తుందో నాకు చెవితోనే తెలుస్తుంది. ఇంకా తొమ్మిది పొట్లాలు మిగిలి ఉంటాయి.

"పిన్నీ, రోజూ బడి నుంచి రాగానే నేను వచ్చి కాచి ఇస్తాను. కుండలో. నాకు బాగా వచ్చు, హౌ తాతని అడగండి."

ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది. నేను వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పుస్తకాల సంచి పట్టీ పట్టుకున్నాను.

"నీ చేత్తోనా?" అంది.

జవాబు కోసం ఆగలేదు. రెండు రెక్కలూ దగ్గరికి లాగి తలుపు వేసేసింది.